ఎడ్లబండి నుంచి ఆకాశనౌక దాకా: ‘ట్రెక్కీ’ మాట పుట్టుపూర్వోత్తరాలు

2015 అక్టోబరులో దుబాయ్ నగరంలో ఒక హాలీవుడ్ చిత్రానికి చిత్రీకరణ జరిగింది. చిత్రం పేరు ‘స్టార్ ట్రెక్ బియాండ్’. దర్శకుడు జస్టిన్ లిన్. అందులో యార్క్‌టౌన్ అనే ఒక అంతరిక్ష నగరం ఉంది. ఎన్నో గ్రహాల నుంచి వచ్చిన జీవులు అక్కడ కలిసి బతుకుతుంటారు. సొంత ఊరు అని చెప్పుకోగలవారు తక్కువ. అయినా అది అందరి ఊరు. అలాంటి నగరంగా చూపించడానికి చిత్రబృందం దుబాయ్ భవనాలను ఎంచుకుంది.

ఈ కథలకు మూలమైన టెలివిజన్ ధారావాహిక ‘స్టార్ ట్రెక్’ అమెరికాలో ఎన్.బి.సి. ఛానెల్‌లో 1966 సెప్టెంబరు 8న మొదలై 1969 జూన్ 3న ముగిసింది. దుబాయ్ చరిత్రలోనూ ఆ రెండు సంవత్సరాలకు ప్రాధాన్యం ఉంది. 1966లో సముద్రగర్భంలోని ఫతే క్షేత్రంలో చమురు బయటపడింది; 1969లో తొలి ఎగుమతి జరిగింది. ఎమిరేట్ల సమాఖ్య ఒక దేశంగా ఏర్పడడానికి 1971 డిసెంబరు దాకా ఆగవలసి వచ్చింది. అంటే, ఆ ధారావాహిక మొదటిసారి ప్రసారమైన నాటికి దాని భవిష్యత్ నగరానికి రూపమివ్వబోయే నగరం ఇంకా ఒక చిన్న రేవుపట్నం.

ఆ ధారావాహిక ఇంగ్లీషు భాషకు ఒక కొత్త మాటను ఇచ్చింది. దానిని వదలకుండా చూసేవారిని, పాత్రల వేషాలు కట్టేవారిని, ఒక్కొక్క సంభాషణను కంఠతా పట్టేవారిని ‘ట్రెక్కీ’ అన్నారు. కొంతకాలానికి, తమను అలా పిలవవద్దనీ ‘ట్రెక్కర్’ అనాలనీ వారిలోనే కొందరు పట్టుబట్టారు. పైకి ఇది చిన్నపిల్లల తగవులా కనిపిస్తుంది. కానీ ఆ మాటను విడదీసి చూస్తే, ఒక జనసమూహానికి పేరు పెట్టే హక్కు ఎవరిది అన్న పెద్ద ప్రశ్న దాని అడుగున కనిపిస్తుంది.

లాగుడు నుంచి ప్రయాణం

‘ట్రెక్’ ఇంగ్లీషు పుట్టుక ఉన్న మాట కాదు. డచ్చి భాషలో ‘ట్రెకెన్’ అనే క్రియకు లాగడం, ఈడ్వడం అని అర్థం. దక్షిణాఫ్రికాకు వెళ్ళి స్థిరపడిన డచ్చివారి భాషలో, అంటే తరువాత ఆఫ్రికాన్స్ అని పేరుపొందిన భాషలో, ఆ క్రియ ఎడ్లబండికి ముడిపడింది. ఎడ్లు బండిని లాగుతాయి. బండి కదిలితే కుటుంబం కదులుతుంది. కనుక లాగడమే ప్రయాణమైంది. ఎడ్లబండి మీద ఒక మజిలీ నుంచి మరొక మజిలీకి సాగే పయనం ‘ట్రెక్’. 1830లలో బ్రిటిష్ పాలన నచ్చక కేప్ ప్రాంతం విడిచి వేలాది కుటుంబాలు ఎడ్లబండ్ల మీద ఉత్తరదిశగా తరలిపోయాయి. చరిత్రలో దానికి ‘గ్రేట్ ట్రెక్’ అని పేరు. 19వ శతాబ్దంలో ఇంగ్లీషు ఈ మాటను అరువు తెచ్చుకుంది. క్రమంగా బండీ పోయింది, ఎడ్లూ పోయాయి; కష్టపడి చేసే దూరప్రయాణం అన్న అర్థం మాత్రం మిగిలింది. ఇప్పుడు వీపున సంచీ వేసుకుని కొండలెక్కడాన్ని తెలుగులో కూడా ట్రెక్కింగ్ అనే అంటున్నారు.

ఈ మాట మోసుకువచ్చిన జ్ఞాపకం ఒకవైపుదే అని కూడా గమనించాలి. బండ్లలో వెళ్ళినవారికి అది సాహసయాత్ర. ఆ బండ్లు వెళ్ళి ఆగిన నేల మీద అప్పటికే బతుకుతున్న ఆఫ్రికా జాతులకు అది యుద్ధం, భూమి పోగొట్టుకోవడం. ఆ రెండవ అర్థం ఇంగ్లీషులోకి రాలేదు. పేరు పెట్టినవారి చూపే పేరులో నిలిచిపోతుందనడానికి ఇది మొదటి సాక్ష్యం.

డచ్చి ‘ట్రెకెన్’ ఇంగ్లీషులోకి అంతకుముందే ఒకసారి వేరే దారిన వచ్చింది. లాగేది అనే అర్థంలో డచ్చివారు వాడే ‘ట్రెకర్’ 17వ శతాబ్దంలో ‘ట్రికర్’ అయి, ఆపైన ‘ట్రిగ్గర్’గా మారింది. తుపాకీ మీట పేరు అదే. అంటే, 20వ శతాబ్దపు అభిమానులు గౌరవప్రదమని కోరుకున్న ‘ట్రెక్కర్’, తుపాకీలోని ట్రిగ్గర్ దూరపు చుట్టాలు. మన దేశంలో హిందుస్థాన్ మోటార్స్ సంస్థ కూడా ‘ట్రెక్కర్’ పేరుతో ఒక వాహనాన్ని తయారుచేసింది. పల్లెదారుల్లో కిక్కిరిసిన జనంతో వెళ్ళిన ఆ బండికి మాత్రం మాట మొదటి అర్థం సరిగ్గా అతికింది.

ధారావాహిక సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ ఆ పేరును ఎంచుకోవడంలోనూ బండి ఉంది. 1957లో మొదలైన ‘వాగన్ ట్రెయిన్’ అనే ధారావాహిక అప్పట్లో అమెరికాలో బాగా ప్రసిద్ధం. పడమటి దిక్కుకు వలసపోయే కుటుంబాల బండ్ల వరుసే దాని కథాస్థలం. వారానికో కొత్త మజిలీ, కొత్త మనుషులు, కొత్త చిక్కు. 1964లో రాడెన్‌బెరీ తన ఆలోచనను నిర్మాతలకు వివరిస్తూ, ఆ పద్ధతినే నక్షత్రాల మధ్యకు తీసుకువెళ్తానని చెప్పాడు. బండ్ల వరుసకు బదులు ఒక ఆకాశనౌక. మజిలీలకు బదులు గ్రహాలు. అలా మాట చరిత్రా, కథ పుట్టుకా ఒకే బండి దగ్గర కలిశాయి.

తెలుగులో ఈ భావానికి దగ్గరి మాట ‘యాత్ర’ కాదు, ‘వలస’. యాత్రకు వెళ్ళినవాడు తిరిగివస్తాడు. వలసకు ఆ హామీ లేదు. ఉత్తరాంధ్రలో ఆమదాలవలస, కొత్తవలస వంటి ఊరిపేర్లున్నాయి. ఎక్కడినుంచో కదిలివచ్చినవారు నిలిచిన చోటు కాలక్రమంలో ఊరై, కదలికకు పేరైన మాటే నిలకడకు పేరైంది. ‘ట్రెక్’ లాగుడు నుంచి ప్రయాణానికి వెళ్తే, ‘వలస’ ప్రయాణం నుంచి నివాసానికి వచ్చింది.

చివరి అక్షరం మీద తగవు

‘ట్రెక్’కు చివర చేరిన ‘ఈ’కార ప్రత్యయానిది వేరొక కథ. స్కాట్లాండ్ మాండలికంలో పేర్లను ముద్దుచేసి పిలవడానికి వాడిన ఈ ప్రత్యయం ఇంగ్లీషంతటా వ్యాపించింది. చిన్న పిట్ట ‘బర్డీ’, కుక్కపిల్ల ‘డాగీ’ అయినట్లే చార్లెస్ ‘చార్లీ’ అయ్యాడు. ముద్దుచేయడంలో వస్తువును చిన్నది చేయడం ఉంటుంది. చిన్నది చేయడం నుంచి చిన్నచూపు చూడడానికి అట్టే దూరం లేదు. 20వ శతాబ్దంలో మత్తుమందుకు బానిసైనవాడు ‘జంకీ’. 1960లలో ‘హిప్పీ’ వచ్చింది. సంగీతబృందాల వెంట తిరిగే అమ్మాయిలను ఎగతాళిగా పిలిచే ‘గ్రూపీ’ వచ్చింది. ‘ట్రెక్కీ’ సరిగ్గా ఆ మాటల నడుమ, ఆ అచ్చులోనే పుట్టింది.

ఈ మాటను మొదట వాడిన ఘనతను సాధారణంగా ఆర్థర్ సాహా అనే సైన్స్ ఫిక్షన్ సంపాదకుడికి ఇస్తారు. 1967లో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ సైన్స్ ఫిక్షన్ మహాసభకు కొందరు మొనదేలిన చెవులు తగిలించుకుని వచ్చారు. ధారావాహికలో స్పాక్ అనే పాత్రకు అలాంటి చెవులుంటాయి. వారిని చూసి సాహా ‘ట్రెక్కీలు’ అన్నాడని చెబుతారు. ఆయనకు వారి మీద ద్వేషమేమీ ఉండనక్కరలేదు. కానీ ఆ మాట లోపలివారు తమకు తాము పెట్టుకున్నది కాదు. పక్కనుంచి చూసినవారు పెట్టినది. పుస్తకాలు చదివే పాత తరం సైన్స్ ఫిక్షన్ పాఠకులకు, టీవీ చూసి వచ్చిన ఈ కొత్త జనం కాస్త తక్కువవారిగానే కనిపించారు.

మూడేళ్ళలోనే ప్రతిస్పందన వచ్చింది. 1970 నాటికి అభిమానుల సొంత పత్రికల్లో ఒక తేడా అచ్చయింది: బుర్రలేకుండా కేరింతలు కొట్టేవారు ట్రెక్కీలు, ఉత్సాహమున్నా నిబ్బరం కోల్పోనివారు ట్రెక్కర్లు. ఇంగ్లీషులో ‘అర్’ ప్రత్యయం కర్తను చెబుతుంది. పాడేవాడు సింగర్, రాసేవాడు రైటర్, ట్రెక్ చేసేవాడు ట్రెక్కర్. మొదటిది ఆ మనిషిని ఒక బొమ్మగా చూపితే, రెండవది ఒక పనికి కర్తగా నిలబెడుతుంది. తగవంతా ఇక్కడే ఉంది.

ఈ సూక్ష్మం తెలుగు చెవికి వివరించనక్కరలేదు. తెలుగులో ‘గాడు’ ఒక్కటే ఈ రెండు పనులనూ చేస్తుంది. వేటగాడు, ఆటగాడు, పాటగాడు అన్నప్పుడు అది కర్తృవాచకం. నేర్పును చెప్పే గౌరవమూ అందులో ఉంది. రాముడిని రాముగాడు అన్నప్పుడు అదే ప్రత్యయం స్నేహితుడి నోట చనువవుతుంది, పరాయివాడి నోట అవమానమవుతుంది. దానికీ ‘గారు’కూ మధ్య ఒక్క అక్షరమే తేడా, కానీ ఆ ఒక్క అక్షరం కోసం ఊళ్ళల్లో ఎన్ని తరాలు పెనుగులాడాయో చెప్పనలవి కాదు. ఎవరిని గారు అనాలో, ఎవరిని గాడు అనవచ్చో కులమూ, కలిమీ, వయసూ నిర్ణయించిన సమాజంలో పుట్టినవారికి ట్రెక్కీ–ట్రెక్కర్ తగవు హాస్యాస్పదంగా తోచదు.

మాటకు బరువు ఎలా వచ్చింది

భాషాశాస్త్రంలో మంచి అర్థం చెడడాన్ని అర్థాపకర్ష అనీ, చెడ్డ అర్థం బాగుపడడాన్ని అర్థోత్కర్ష అనీ అంటారు. ‘ట్రెక్కీ’ జీవితంలో రెండూ పక్కపక్కనే నడిచాయి. అందుకు కారణం వ్యాకరణం కాదు, ఆ పేరుగలవారు చేసిన పనులు.

1967లోనే ‘స్పాకనేలియా’ అనే పత్రిక వెలువడింది. ఈ ఒక్క ధారావాహికకే అంకితమైన తొలి అభిమాన పత్రిక అది. దానిని నడిపింది స్త్రీలు. ధారావాహికను రెండవ ఏడుతో ఆపివేస్తారన్న వార్త పుట్టినప్పుడు బ్జో ట్రింబుల్, జాన్ ట్రింబుల్ దంపతులు ఉత్తరాల ఉద్యమం నడిపారు. 1968 జనవరిలో కాల్‌టెక్ విద్యార్థులు ఎన్.బి.సి. కార్యాలయం దాకా ఊరేగింపుగా వెళ్ళారు. మార్చిలో ఛానెల్ ఒక అరుదైన పని చేసింది: ధారావాహిక కొనసాగుతుందని తెరమీదనే ప్రకటించింది. మూడవ ఏడుతో, మొత్తం 79 భాగాలతో అది ఆగిపోయినా, స్థానిక ఛానెళ్ళలో పునఃప్రసారాలు కొత్త ప్రేక్షకులను తెచ్చాయి. 1972 జనవరిలో న్యూయార్క్‌లో అభిమానుల మహాసభ జరిగింది. కొన్ని వందలమంది వస్తారనుకుంటే వేలమంది వచ్చారు. 1976లో నాసా తన మొదటి స్పేస్ షటిల్‌కు ‘కాన్‌స్టిట్యూషన్’ అని పేరు పెట్టబోతే, అభిమానులు రాసిన ఉత్తరాల ఒత్తిడితో అది ‘ఎంటర్‌ప్రైజ్’ అయింది. ధారావాహికలోని ఆకాశనౌక పేరది. తమ పేరు కోసం తగవులాడుకున్నవారు ఒక నిజమైన నౌకకు పేరు పెట్టించగలిగారు.

ఎగతాళీ ఆగలేదు. 1986లో ‘సాటర్‌డే నైట్ లైవ్’ హాస్య కార్యక్రమంలో, నౌకాధిపతి పాత్రధారి విలియం షాట్నర్ స్వయంగా తన పాత్రనే పోషిస్తూ, మహాసభకు వచ్చిన అభిమానులను ఇకనైనా ఒక బతుకు బతకమని కసురుకునే ఘట్టం ప్రసారమైంది. ట్రెక్కీ అంటే తల్లిదండ్రుల ఇంటి నేలమాళిగ వదలని మనిషి అన్న బొమ్మ జనం మనసుల్లో గట్టిపడింది. అయినా, 1997లో ఈ అభిమానుల జీవితాల మీద తీసిన డాక్యుమెంటరీకి ‘ట్రెక్కీస్’ అనే పేరే పెట్టారు. నేడు చాలామంది ఆ పేరును ఏ సంకోచమూ లేకుండా చెప్పుకుంటున్నారు. ట్రెక్కర్ ఓడిపోలేదు, కానీ దాని అవసరం తగ్గింది. తిట్టుగా వచ్చిన మాటను తిప్పికొట్టడానికి రెండు దారులున్నాయి: ఇంకో మాటను తెచ్చుకోవడం, లేదా అదే మాటను మోసి మోసి తేలిక చేయడం. ఈ అభిమానులు రెండూ ప్రయత్నించారు. రెండవదే ఎక్కువ పనిచేసింది.

నిజానికి ‘ఫ్యాన్’ అనే మాటే అలా బాగుపడినది. లాటిన్‌లో ‘ఫానుమ్’ అంటే గుడి. గుడిలో పూనకం వచ్చినవాడు ‘ఫనాటికుస్’. దాని నుంచి మతోన్మాది అనే అర్థంలో ‘ఫనాటిక్’ పుట్టింది. 19వ శతాబ్దం చివర అమెరికా బేస్‌బాల్ వార్తల్లో ఆ మాట తోక తెగి ‘ఫ్యాన్’ అయింది. తెలుగు ‘అభిమాని’ ప్రయాణం వేరు. సంస్కృతంలో అభిమానం ప్రధానంగా తన మీద తనకున్న మన్నన, గర్వం. దుర్యోధనుడిని అభిమానధనుడన్నది ఆ అర్థంలోనే. తెలుగులో అది ఇతరుల మీది ఇష్టానికీ వ్యాపించింది. అందువల్ల ఇంగ్లీషు ఫ్యాన్‌లో పూనకం దాగి ఉంటే, తెలుగు అభిమానిలో ఆత్మగౌరవం దాగి ఉంది. తన అభిమానం దెబ్బతిన్నదని తెలుగువాడు అన్నప్పుడు ఈ రెండు అర్థాల్లో ఏది అని అడగవలసి వస్తుంది. తమను ట్రెక్కీలనవద్దన్న ఆనాటివారి బాధను చెప్పడానికి ఇంతకంటే సరైన మాట దొరకదు: అభిమానులకు అభిమానం ఉంటుంది.

యార్క్‌టౌన్‌లో పేర్లు

మళ్ళీ దుబాయ్‌కి రావాలి. ఎమిరేట్లలో వేషాలు కట్టే అభిమానులకు 2012లో దుబాయ్‌లో మొదలై, తరువాత అబూధాబికి తరలిన కామిక్ కాన్ అనే వేదిక ఉంది. అక్కడ ట్రెక్కీ అనిపించుకోవడం సరదా. కానీ ‘ట్రెక్’ను దాని మొదటి అర్థంలో, బతుకును బండికెత్తుకుని పోవడం అన్న అర్థంలో తీసుకుంటే, ఆ దేశంలో ట్రెక్ చేసినవారు కామిక్ కాన్‌కు వచ్చినవారు మాత్రమే కారు. జనాభాలో పదింట తొమ్మిది వంతులకు దగ్గరగా బయటనుంచి వచ్చినవారే. వారికి ఉన్న పేర్లలోనూ ‘ఈ’ ప్రత్యయాలూ, ‘అర్’ ప్రత్యయాలూ ఉన్నాయి.

అరబ్బీలో బయటనుంచి వచ్చినవారిని ‘వాఫిద్’ అంటారు. ఈ ధాతువు నుంచే ప్రతినిధి బృందం అనే అర్థంలో ‘వఫ్ద్’ వచ్చింది. ధాత్వర్థంలో వాఫిద్ ఒక పని మీద విచ్చేసినవాడు. ఇంగ్లీషులో ‘ఎక్స్‌పాట్రియేట్’, అంటే స్వదేశం వెలుపల ఉన్నవాడు. దాని కురచ రూపం ‘ఎక్స్‌పాట్’. నిఘంటువు ప్రకారం దుబాయ్ బ్యాంకులోని తెలుగు ఉద్యోగీ, భవనం కడుతున్న తెలుగు కూలీ ఇద్దరూ ఎక్స్‌పాట్‌లే. వాడుకలో ఆ మాట మొదటివారి దగ్గరే ఆగిపోతుంది. రెండవవారు ‘లేబర్’ అవుతారు. తెలుగులోనూ అంతే: ఒకరు ప్రవాసాంధ్రులు, ఎన్నారైలు, ఇంకొకరు వలస కూలీలు. విమానం ఒక్కటే, దిగిన విమానాశ్రయం ఒక్కటే, పేర్లు మాత్రం రెండు.

తెలంగాణ పల్లెల్లో మాట ఇంకొక దారి పట్టింది. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అనే నానుడిలో ఒక ప్రాంతపు వలసల చరిత్ర మూడు ప్రాసపదాల్లో ఇమిడిపోయింది. మస్కట్‌కు వెళ్ళినా, దమ్మామ్‌కు వెళ్ళినా ‘దుబాయ్ పోయిండు’ అనడం జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల్లో మామూలే. ఒక నగరం పేరు ఒక బతుకుతెరువుకు పేరైంది.

అయితే అక్కడి కార్మికుల వాడుకలో ఉన్న మాటల్లో ‘ఖల్లివెల్లి’ అన్నింటికంటే బరువైనది. గల్ఫ్ అరబ్బీలో ‘ఖల్లీ వల్లీ’ అంటే పోనీ, వదిలెయ్ అని అర్థం. విసుగునూ, లక్ష్యపెట్టకపోవడాన్నీ చెప్పే ఊతపదం అది. తెలుగు కార్మికుల నోట అది మనిషికి పేరైంది. ఒప్పందం కుదుర్చుకున్న యజమానిని వదిలి, సరైన కాగితాలు లేకుండా బయట పనిచేసుకునేవాడు ఖల్లివెల్లి. 2018లోనూ 2024లోనూ ఎమిరేట్ల ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు స్వదేశానికి తిరిగిరావడానికో, కాగితాలు సరిచేసుకోవడానికో అవకాశం వచ్చినది ఇలాంటివారికే. ‘వదిలెయ్’ అన్న క్రియ ‘వదిలివేయబడినవాడు’ అన్న నామవాచకంగా మారడం వ్యాకరణం దృష్టిలో ఒక చిన్న మార్పు. ఆ పేరు మోసేవాడికి అది చిన్నది కాదు. జీతం అందక పని వదిలినవాడికీ, మెరుగైన కూలికోసం వదిలినవాడికీ, పాస్‌పోర్టు చేతిలో లేక చిక్కుకుపోయినవాడికీ ఒకే పేరు. కారణాలన్నీ పోయి విసుగు ఒక్కటే మాటలో మిగిలింది.

ట్రెక్కీ కథ ఇక్కడ పనికివస్తుంది. ఆ పేరును మార్చుకోవడానికి గానీ, తేలిక చేయడానికి గానీ దాని సొంతదారులకు కొన్ని సాధనాలున్నాయి: అచ్చువేసుకునే పత్రిక, కూడుకునే సభ, ఉత్తరం రాస్తే చదివే సంస్థ, తీరిక. ఈ నాలుగూ ఉన్నవారు ప్రత్యయం మీద కూడా తగవులాడగలరు. అవి లేనివారికి ఎవరో పెట్టిన పేరే నిలిచిపోతుంది. మాటల అర్థాలు వాటంతట అవి బాగుపడవు. బాగుచేసేవారు ఉంటేనే బాగుపడతాయి.

2019 సెప్టెంబరు 25న హజ్జా అల్ మన్సూరి అంతరిక్షంలోకి వెళ్ళిన తొలి ఎమిరాతీ అయ్యాడు. 2021 ఫిబ్రవరి 9న ఎమిరేట్ల నౌక అంగారక కక్ష్యలోకి చేరింది. దాని పేరు ‘అల్ అమల్’, అంటే ఆశ. యార్క్‌టౌన్‌గా నటించిన నగరం నిజంగానే ఆకాశం వైపు ప్రయాణం కట్టింది. రాడెన్‌బెరీ ఊహలోని నౌకలో ఎవరి పేరు చివరా చిన్నచూపు ప్రత్యయం ఉండదు. ప్రతివారికీ ఒక పని, ఆ పనికి తగిన గౌరవం ఉంటాయి. నేలమీది యార్క్‌టౌన్‌లో ఆ పని ఇంకా మిగిలే ఉంది. ఆదివారం ఉదయం అక్కడి తెలుగు ఇంట్లో ఫోనెత్తి ఊరివారితో మాట్లాడేటప్పుడు, నిర్మాణస్థలంలో పనిచేసే ఊరివాడి పేరు చివర వచ్చేది ‘గాడు’ అయితే అది ఆటగాడిలోని గాడా, రాముగాడిలోని గాడా అని ఒక్క క్షణం ఆగి వినడంతో ఆ పని మొదలుకావచ్చు.